ఆమడల కొలత: పగిడ్యాల - అహోబిలం బాటల చరిత్రలో బాటసారి స్థానం

సంగ్రహం

కృష్ణానది దక్షిణ తీరాన ఉన్న పగిడ్యాల నుండి నల్లమల పడమటి అంచు వెంట నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా అహోబిలం వరకు వ్యాపించిన ప్రాంతంలో బాటలూ వీధులూ ఏ కొలతతో ఏర్పడ్డాయో, ఆ కొలత ఎప్పుడు మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు పదజాలం, కావ్యాలు, శాసనాలు, యాత్రాచరిత్ర, నేటికీ సాగుతున్న ఉత్సవాలు ఇందుకు ఆధారాలు. పూర్వం బాట అంటే నేలపై గీసిన దారి మాత్రమే కాదనీ, నీరు, నీడ, అరుగు, మజిలీ కలిసిన ఏర్పాటనీ, ఆధునిక రవాణా విస్తరణలో నడక మిగిలినా ఆ ఏర్పాటు చెదిరిపోయిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బాట, వీధి, ఆమడ, మజిలీ, తెలుపు, పారువేట, శ్రీశైల యాత్ర, శ్రీశైలం జలాశయం, పాదచారి.

1. ప్రవేశిక

నగరాలనూ వీధులనూ వాహనాల కోసం కాక మనుషుల కోసం తీర్చిదిద్దాలన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో ప్రపంచమంతటా బలపడింది. 1961లో జేన్ జేకబ్స్ అమెరికా మహానగరాలపై రాసిన గ్రంథం, 1962లో కోపెన్‌హేగెన్ నగరం స్ట్రోగెట్ అనే అంగడి వీధిలో మోటారు వాహనాలను నిలిపివేయడం ఈ ఆలోచనకు తొలి మైలురాళ్లుగా చెబుతారు. తెలుగునాట ఈ చర్చ సాధారణంగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల చుట్టూ తిరుగుతుంది. హైదరాబాదులో చార్మినారు పరిసరాలను పాదచారులకు కేటాయించే ప్రయత్నం రెండు దశాబ్దాలకు పైగా సాగడం అందరికీ తెలిసినదే.

చిన్న పట్టణాలకూ, వాటిని కలిపే గ్రామీణ బాటలకూ ఈ చర్చలో చోటు తక్కువ. నిజానికి నడకకు సంబంధించిన చారిత్రక సామగ్రి అక్కడే ఎక్కువగా నిలిచి ఉంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన నంద్యాల జిల్లా ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరాన కృష్ణ, తూర్పున నల్లమల, నడుమ కుందూ లోయ ఈ ప్రాంతానికి సహజమైన ఎల్లలు. శ్రీశైలం, మహానంది, అహోబిలం అనే మూడు మహాక్షేత్రాలు ఒకే కొండవరుసలో ఉండటం వల్ల శతాబ్దాల పాటు ఇక్కడ నడిచి వెళ్లే జనం పెద్ద సంఖ్యలో ఉండేవారు. వారి అవసరాలే ఇక్కడి బాటలకు రూపమిచ్చాయి.

2. పదాల సాక్ష్యం

బాటల చరిత్రకు తెలుగు పదజాలం తొలి ఆధారం. దూరాన్ని చెప్పే పూర్వపు మాటలన్నీ మనిషి శరీరానికీ, గొంతుకూ, ఓపికకూ సంబంధించినవే. అడుగు, బార, కూతవేటు, కోసు, ఆమడ అనే వరుసలో చివరిదైన ఆమడకు నిఘంటువులు నాలుగు కోసుల దూరమని అర్థం చెబుతున్నాయి. నేటి లెక్కలో అది ఇంచుమించు ఎనిమిది నుండి పది మైళ్లు. పిల్లాపాపలతో, మూటాముల్లెతో నడిచే కుటుంబం ఒక పూటలో శ్రమ లేకుండా సాగగల దూరం అది. నంద్యాల నుండి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మూడు ఆమడలు. ఈ లెక్కలో దూరంతో పాటు దారిలో ఎన్నిసార్లు ఆగాలో కూడా ఇమిడి ఉంది. 'మజిలీ' అనే అరబ్బీమూలపదం తెలుగులో స్థిరపడటానికి కారణం ఇదే. ప్రయాణం మజిలీల మొత్తం. మజిలీ ఉన్నచోట నీరు, నీడ, వంటకు చోటు ఉండి తీరాలి.

'బాట' చుట్టూ ఏర్పడిన పదాలూ గమనింపదగినవి. బండిబాట, కాలిబాట, డొంక, దోవ, రస్తా అనే మాటలు ఒక్కొక్కటి ఒక్కో రకం నడకను సూచిస్తాయి. వీటిలో 'కాలిబాట' పొందిన అర్థవిపరిణామం ప్రత్యేకంగా పేర్కొనదగినది. పూర్వం కాలిబాట అంటే ఊరి నుండి ఊరికి, చేను నుండి చెరువుకు మనుషులు నడిచే పూర్తి దారి. నేటి పత్రికల తెలుగులో అది రోడ్డు పక్కనుండే ఫుట్‌పాత్‌కు పర్యాయపదమైంది. పూర్తి దారిని చెప్పిన మాట దారి అంచుకు పరిమితమైంది. నేలపై జరిగిన మార్పునే ఈ అర్థసంకోచం భాషలో నమోదు చేసింది.

'వీధి' శబ్దం ఇంతకంటే విస్తృతమైనది. వీధినాటకం, వీధిభాగోతం, వీధిబడి, వీధి అరుగు అనే సమాసాలలో వీధి రాకపోకల దారి కాదు, కూడి ఉండే చోటు. అలంకారశాస్త్రంలో దశరూపకాలలో ఒకదానికి 'వీధి' అని పేరు. తెలుగులో ఆ రూపక భేదానికి నిలిచిన ఉదాహరణ వినుకొండ వల్లభరాయని పేరిట ఉన్న 'క్రీడాభిరామం'. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన వింతలు, అంగళ్లు, ఆటలు, పూటకూటి ఇల్లు, గుళ్లు ఇందులోని వస్తువు. కథను నడిపేది వారి నడకే. ప్రతి నాలుగడుగులకూ ఆగి చూడవలసినది ఏదో ఒకటి ఉండటం వల్లనే ఆ రచన సాధ్యమైంది. మనుషుల వీధికి నేటి నగర ప్రణాళికావేత్తలు చెబుతున్న తొలి లక్షణం కూడా ఇదే.

3. మెట్లు, మండపాలు, రథవీధులు

నల్లమల క్షేత్రాలకు వెళ్లే దారుల నిర్మాణాన్ని మధ్యయుగ రాజులు ధర్మకార్యంగా భావించారు. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి (సుమారు 1325-1353) శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడని చరిత్ర చెబుతున్నది. ఆత్మకూరు వైపు నుండి నాగలూటి మీదుగా శ్రీశైలం చేరే అడవి దారిలో నేటికీ కనిపించే రాతిమెట్లను స్థానికులు రెడ్డిరాజుల కాలం నాటివిగా చెప్పుకుంటారు. 1393లో విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ శ్రీశైలంలో పాతాళగంగకు మెట్లు కట్టించింది. కోటలకూ యుద్ధాలకూ పేరుపడిన కాలంలో ఇద్దరు పాలకులు తమ పేరును మెట్లకు జతచేసుకోవడం గమనార్హం. మెట్టు గుర్రానికీ బండికీ పనికిరాదు. కాలినడకన వచ్చే మనిషికి తప్ప మరెవరికీ అది ఉపయోగపడదు.

ప్రోలయ వేముని ఆస్థానంతో సంబంధమున్న ఎఱ్ఱాప్రెగడ 'నృసింహపురాణం' రచించి అహోబల నృసింహునికి అంకితమివ్వడం ఈ సందర్భంలో అర్థవంతమైనది. రాజు కొండకు మెట్లు వేశాడు, కవి ఆ కొండకు కావ్యం రచించాడు. తనయ, తటాక, కావ్య, నిధాన, దేవాలయ, వన, అగ్రహారాలను సప్తసంతానాలుగా లెక్కించిన సంప్రదాయంలో ఈ రెండు పనులూ ఒకే కోవకు చెందుతాయి. ఆ ఏడింటిలో తటాకం, వనం, దేవాలయం అనే మూడు నేరుగా బాటసారికి ఉపకరించేవి కావడం యాదృచ్ఛికం కాదు.

శ్రీశైల యాత్రికుల నడకకు సాహిత్యంలో విపులమైన చిత్రణ పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర'లోని పర్వత ప్రకరణంలో లభిస్తుంది. శివరాత్రికి కొండకు తరలివచ్చే జనం, వారి పాటలు, ఆటలు, వినోదాలు అందులో వర్ణితమయ్యాయి. పరిశోధకులు దీనిని ఎక్కువగా జానపద కళారూపాల జాబితాగా ఉపయోగించుకున్నారు. బాటల చరిత్ర దృష్టితో చూస్తే అది మరొక విషయం కూడా చెబుతుంది. ఆ కళలన్నీ దారి పొడవునా, విడిదులలో, నడిచే జనం మధ్య పుట్టి పెరిగాయి. వేగంగా సాగిపోయే దారిలో వాటికి తావుండదు.

1515-16లో కృష్ణదేవరాయలు అహోబిలాన్నీ శ్రీశైలాన్నీ దర్శించాడు. శ్రీశైలంలో రాజగోపురంతో పాటు వీధికి రెండు వైపులా సాలుమండపాలు కట్టించిన ఘనత ఆయనకు దక్కింది. సాలుమండపమంటే వరుసగా కట్టిన రాతిస్తంభాల నీడ. ఎండకూ వానకూ యాత్రికునికి అదే ఇల్లు. విజయనగర కాలపు క్షేత్రాలలో రథవీధిని విశాలంగా, దాని అంచులను నీడతో నింపి నిర్మించే పద్ధతి స్థిరపడింది. వీధి మధ్య భాగం రథానికి, రథాన్ని లాగే జనానికి చెందుతుంది. అంచులు విశ్రాంతికీ వ్యాపారానికీ చెందుతాయి. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రమే రథం కదులుతుంది కనుక తక్కిన రోజులలో అంత వెడల్పూ మనుషులదే. ఆయనదైన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అన్ని ఋతువులలోనూ దారిన వచ్చే వైష్ణవులకు అన్నం పెట్టే గృహస్థుగా కనిపిస్తాడు. బాటసారి పట్ల ఊరికి గల బాధ్యత అక్కడ ఒక పాత్రగా రూపు దాల్చింది.

నంద్యాల పరిసరాలలో ఇదే సూత్రం మరొక రూపంలో కనబడుతుంది. నంద్యాల నుండి మహానంది వరకు ఉన్న తొమ్మిది శివాలయాలు నవనందులుగా ప్రసిద్ధం. కార్తిక మాసంలో వాటిని సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య ఒకే రోజున దర్శించాలన్నది ఆచారం. ఒక పగటిలో చుట్టి రాగల పరిధి ఎంతో ఆ నియమం నిర్ణయించింది. ఈ క్షేత్రాల మధ్య దారి పొలాల గుండా, ఊళ్ల గుండా సాగుతుంది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అంకితం పొందిన కృష్ణమరాజు వంటి నంద్యాల ప్రభువులు పదహారవ శతాబ్దిలో ఈ సీమను ఏలారు. గుళ్లనూ చెరువులనూ కలిపే ఇటువంటి వలయాలు పాలనలు మారినా చెక్కుచెదరలేదు.

4. 1830 నాటి ప్రయాణం

ఈ ప్రాంతపు బాటల స్థితిని ఆధునిక కాలపు గుమ్మంలో నిలబడి నమోదు చేసిన తెలుగు గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆ రచన 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు సంపాదకత్వంలో మళ్లీ వెలువడింది. తిరుపతి, కడపల మీదుగా వచ్చిన ఆయన అహోబిలం, మహానంది క్షేత్రాలను దర్శించి, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లి, తిరిగి వచ్చి కృష్ణ దాటి హైదరాబాదు వైపు సాగాడు. ఈ వ్యాసం పరిధిలోని భూభాగమంతా ఆ దారిలో ఉంది.

వీరాస్వామయ్య ఊళ్లను పరిచయం చేసే పద్ధతి ఈ పరిశీలనకు కీలకమైనది. ఒక ఊరు ముందటి మజిలీకి ఎన్ని కోసులలో ఉందో, దారి ఇసుక నేలో రేగడి నేలో రాతి నేలో, దిగడానికి సత్రమో చావడో చెట్లతోపో ఉందో, నీరు ఎలా ఉందో, కావలసిన సరుకులు దొరుకుతాయో లేదో ఆయన చెబుతూ పోతాడు. నేటి పరిభాషలో ఇది నడకకు అనుకూలతను లెక్కగట్టడమే. ఊరి గొప్పతనాన్ని ఆయన మేడలతో కాక బాటసారికి దక్కే సౌకర్యంతో తూచాడు.

ఈ చిత్రంలో రెండవ పార్శ్వాన్ని మరువరాదు. వీరాస్వామయ్య పెద్ద పరివారంతో, పల్లకిలో ప్రయాణించాడు. ఆయన కొలిచిన కోసులను నడిచినవి బోయీల కాళ్లు. అప్పటికి ఈ సీమ కందనూరు నవాబు ఏలుబడిలో ఉంది. శ్రీశైలం వెళ్లే యాత్రికుల నుండి నవాబు సుంకం వసూలు చేసేవాడు. అగ్రహార వీధులలో అస్పృశ్యులుగా ముద్రపడిన కులాలకు నడిచే హక్కే లేదు. కనుక పూర్వపు బాట నడకకు అనువుగా ఉండేదనడం నిజమే కాని, అది అందరికీ సమానంగా అనువుగా ఉండేదనడం నిజం కాదు. ఈ భేదాన్ని గుర్తుంచుకోకుండా గతాన్ని ఆదర్శంగా నిలబెడితే చరిత్ర కాస్తా స్తుతిగా మారుతుంది.

5. కాలువ, రైలు, సడకు

1839లో కర్నూలు నవాబు పాలన అంతమై ఈ ప్రాంతం కంపెనీ ఆధీనంలోకి వచ్చింది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడింది. అటుపై అర్ధ శతాబ్దిలో రవాణా స్వరూపం మూడు విధాల మారింది.

మొదటిది కర్నూలు - కడప కాలువ. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్ట నుండి కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల పొడవున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో తవ్వించిన ఈ కాలువను సేద్యంతో పాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించారు. 1882లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుంది. నందికొట్కూరు, నంద్యాల ప్రాంతాల పల్లెలకు కాలువ గట్టు కొత్త కాలిబాటగా మారింది. గట్టు మీద నీడ, పక్కన నీరు ఉండటం వల్ల ఆధునిక నిర్మాణమైనా అది పాత బాట లక్షణాన్నే నిలుపుకుంది.

రెండవది కరువు పనుల ద్వారా పడిన రోడ్లు. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. మద్రాసు రాజధాని అంతటా రోడ్లు, చెరువులు, కాలువల మట్టిపనులే కరువు కూలీలకు చూపిన ఆధారం. ఆకలితో నడిచి వచ్చినవారి చేతులతోనే బండ్ల కోసం రోడ్లు వెడల్పయ్యాయి. 1886లో నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి సంకలనం చేసిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఈ మార్పులకు పూర్వాపరాలు తెలిపే ప్రామాణిక గ్రంథం.

మూడవది రైలు. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా నల్లమల నందికనుమ గుండా కృష్ణా జిల్లా వైపు సాగిన మీటరుగేజి మార్గం పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో నంద్యాలను వాణిజ్య కేంద్రంగా మార్చింది. 1899లో నంద్యాల పురపాలక సంఘం ఏర్పడింది. ఊరి కేంద్రం గుడి నుండి, చెరువు నుండి స్టేషను వైపు జరిగింది. రైలు కట్ట ఊరిని రెండుగా చీల్చి, నడిచే మనిషి గేటు వద్ద నిలబడి వేచి ఉండటాన్ని నిత్యజీవితంలో భాగం చేసింది. ఆళ్లగడ్డకు మాత్రం రైలు రాలేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల - ఎఱ్ఱగుంట్ల మార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్లల మీదుగా పోయింది. ఆళ్లగడ్డ రోడ్డు ఊరుగానే మిగిలి, శిల్పుల కర్మశాలలు సైతం రోడ్డు అంచునే పెరిగాయి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బాటసారిని ఉద్దేశపూర్వకంగా వెలివేయలేదు. పైగా రైలూ, తరువాత వచ్చిన బస్సూ కులభేదం లేకుండా ఒకే బల్ల మీద జనాన్ని కూర్చోబెట్టాయి. ఇది చిన్న లాభం కాదు. అయితే దూరాన్ని మజిలీలలో కాక గంటలలో లెక్కించడం మొదలైన తరువాత మజిలీలోని సత్రం, బావి, తోపు ఎవరి బాధ్యతో తేలకుండా పోయాయి.

6. నీట మునిగిన బాటలు

పగిడ్యాల ప్రాంతంలో బాటల చరిత్ర మరింత తీవ్రమైన మలుపు తీసుకుంది. 1963 జులై 24న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు కింద జలాశయం నిండటానికి ముందు 1981లో తీరగ్రామాలను ఖాళీ చేయించారు. 885 అడుగుల పూర్తి నీటిమట్టంతో నిలిచే జలాశయం కృష్ణకు ఇరువైపులా పొలాలతో పాటు ఊరి నుండి రేవుకు, రేవు నుండి ఆవలి ఊరికి ఉన్న కాలిబాటల వ్యవస్థను ముంచింది. ముచ్చుమర్రి సమీపంలోని సంగమేశ్వరాలయం ఏడాదిలో ఎక్కువకాలం నీటిలో ఉండి, నీరు బాగా తగ్గిన వేసవిలో మాత్రం బయటపడుతుంది. ఆ కొద్ది రోజులలో భక్తులు బురద నేలపై నడిచి గుడికి వెళ్లడం మునిగిన బాట తాత్కాలికంగా తిరిగి రావడమే.

ముంపు నష్టాన్ని సాధారణంగా ఎకరాలలో, ఇళ్లలో, ఆలయాలలో లెక్కించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి తిరిగి నిర్మించారు. గుడిని రాయి రాయిగా విప్పి తరలించవచ్చు. బాటను అలా తరలించే వీలు లేదు. జలాశయానికి పూర్వం వేసవిలో పాయలుగా పారే నదిని రేవుల వద్ద పుట్టిలో దాటడం మామూలు. జలాశయం వచ్చిన తరువాత అదే దాటు సముద్రమంత నీటిపై ప్రయాణమైంది. రోడ్డు దారి కావాలంటే కర్నూలు మీదుగా చుట్టి రావాలి. బస్సు చార్జీ, రోజంతా పోయే కాలం భరించలేనివారు పడవనే నమ్ముకున్నారు. 2007 జనవరిలో పగిడ్యాల మండలం నెహ్రూనగర్‌కూ ఆవలి ఒడ్డున మంచాలకట్టకూ మధ్య పడవ మునిగి అరవై మందికి పైగా మరణించారు. వాహనం ఉన్నవారికి చుట్టుదారి అసౌకర్యం మాత్రమే. లేనివారికి అది ప్రాణాపాయం. పాదచారి గురించిన చర్చ సౌందర్యానికో వ్యాయామానికో సంబంధించినదని భావించేవారికి ఈ సంఘటన సమాధానం.

ఈ కొరతను తీర్చడానికి సోమశిల - సిద్ధేశ్వరం మధ్య కృష్ణపై వంతెన కావాలన్న కోరిక దీర్ఘకాలంగా ఉంది. కల్వకుర్తి నుండి నంద్యాల వైపు వచ్చే 167కె జాతీయ రహదారిలో భాగంగా తీగల వంతెనకు 2022లో కేంద్ర ప్రభుత్వం 1,082.56 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. పాదచారులకు అద్దాల నడకదారి అందులో ప్రత్యేక ఆకర్షణగా ప్రకటితమైంది. ఆ నడకదారి పర్యాటకుని వినోదానికే పరిమితమవుతుందా, నెత్తిన మూటతో ఆవలి ఊరికి పోయే మనిషికి కూడా దారి అవుతుందా అన్నది పరిశీలించవలసిన విషయం. వంతెన రెండు కొసల వద్ద ఊళ్లను కలిపే కాలిబాటలు, బస్సు ఆగే చోట నీడ లేకపోతే ఆ నిర్మాణం వాహనాల దాటుగానే మిగులుతుంది.

7. నేటికీ నడుస్తున్న రెండు బాటలు

మారిన కొలతల మధ్య పాత ఏర్పాటు పూర్తిగా నశించలేదు. ఈ ప్రాంతంలో అది రెండు సందర్భాలలో ఏటా తిరిగి ప్రాణం పోసుకుంటుంది.

మొదటిది అహోబిలం పారువేట. కనుమ నాడు జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు పల్లకిలో బయలుదేరి, ఆళ్లగడ్డ, రుద్రవరం పరిసరాలలోని ముప్పైకి పైగా గ్రామాలలో నలభై రోజులకు పైగా సంచరించి, ఫాల్గుణ బ్రహ్మోత్సవాలకు ముందు తిరిగి చేరుతాయి. అహోబిల మఠం తొలి జీయరు ఆదివన్ శఠకోప యతి కాలం నుండి, అంటే సుమారు ఆరు వందల ఏళ్లుగా, ఈ ఆచారం సాగుతున్నదని సంప్రదాయం. చెంచులక్ష్మిని వరించిన స్వామి తన పెండ్లికి ప్రజలను స్వయంగా పిలవడానికి వస్తాడన్నది జనుల విశ్వాసం. చెంచులు పల్లకిపై బాణం వేసే ఘట్టం ఆ బంధుత్వానికి గుర్తు.

బాటల చరిత్రకు ఈ ఉత్సవంలో ముఖ్యమైనది 'తెలుపు'. పల్లకిని దించి స్వామిని కొలువుదీర్చే అరుగుకు ఈ ప్రాంతంలో ఆ పేరు. స్వామి తమ ఊరికి వచ్చిన రోజే ఆ ఊరికి పెద్ద పండుగ. ఇళ్లకు సున్నాలు వేస్తారు. బంధువులను పిలుచుకుంటారు. బోయీల భుజం ఎంతవరకు మోయగలదో అంతవరకే ఆనాటి ప్రయాణం. గుడి వద్దకు ఊరు రావడం కాక, ఊరి వద్దకు గుడి నడిచి రావడం ఇందులోని విశేషం. పాలకుడో ఇంజనీరో గీయని ఈ పథాన్ని గ్రామాల మధ్య నడక దూరమే గీసింది. ఏడాదిలో ఒక రోజు తెలుపు దేవునిది, తక్కిన రోజులు ఊరి జనం కూర్చుని మాట్లాడుకునే చోటు. రథవీధిలో కనిపించిన సూత్రమే ఇక్కడ పల్లె కొలతలో ఉంది.

రెండవది ఉగాదికి కన్నడ భక్తులు చేసే శ్రీశైల పాదయాత్ర. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించే వేలాది జనం కర్ణాటక పల్లెల నుండి నడిచి, కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరుల మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం వద్ద కొండపైకి చేరుతారు. అడవి దారికి ముందున్న భాగమంతా నేడు 340సి జాతీయ రహదారితో కలిసిపోయింది. ఆ రోజులలో దారి పొడవునా గ్రామస్థులు చలివేంద్రాలు పెడతారు, అన్నదానం చేస్తారు, బొబ్బలెక్కిన పాదాలకు మందు రాస్తారు. భాష వేరైనా దారిన వచ్చినవారు తమ బాధ్యత అనే భావన ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అయితే ఈ ఏర్పాటు కొన్ని రోజులలో ముగుస్తుంది. పందిళ్లు విప్పిన మరునాటి నుండి అదే రోడ్డుపై బడికి నడిచే పిల్లవాడికి, చేనుకు నడిచే కూలీకి నీడ ఉండదు. యాత్రికుని పట్ల ఉన్న బాధ్యత నిత్యం నడిచే మనిషి పట్ల ఎందుకు లేదన్నది ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన ఉంచినప్పుడు పుట్టే ప్రశ్న.

8. నియమాలలో పాదచారి

కర్నూలు - కడప మార్గం మొదట 18వ నంబరు, ప్రస్తుతం 40వ నంబరు జాతీయ రహదారిగా నాలుగు వరుసలతో నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా సాగుతున్నది. దూరప్రయాణం సులభమైంది, వైద్యం చేరువైంది. అదే సమయంలో రోడ్డుకు ఒక వైపు ఊరు, మరో వైపు పొలం ఉన్న గ్రామాలకు రోజూ దాటవలసిన కొత్త ఏరు ఏర్పడింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఈ పరిస్థితికి నియమాల కొరత కారణం కాదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాల కదలికకు కాక మనుషుల కదలికకు ప్రాధాన్యమివ్వాలని స్పష్టం చేసింది. పాదచారుల సౌకర్యాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో రూపొందించి 2012లో సవరించిన మార్గదర్శకాలు ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలని చెబుతున్నాయి. అడ్డంకులు లేని ఫుట్‌పాత్‌ను పొందడం రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో పేర్కొన్నది. ఇన్ని ఉన్నా నంద్యాల వంటి పట్టణపు అంగడి వీధిలో మురుగుకాలువ మీది బండే ఫుట్‌పాత్‌గా చెల్లుబాటవుతున్నది.

దీనికి ఒక కారణం ఆలోచనా విధానంలో ఉంది. 1914-15లో మద్రాసు రాజధాని పట్టణాలను పరిశీలించిన పాట్రిక్ గెడ్డెస్, పాత పట్టణాల గుండా వెడల్పు రోడ్లను గుడ్డిగా కోయడాన్ని వ్యతిరేకించాడు. గుడి వీధులు, కోనేళ్లు, చెట్లు, చావళ్లు కలిసి ఏర్పడిన అల్లికను అర్థం చేసుకుని, తక్కువ కోతతో బాగుచేయాలని సూచించాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది కాని ఆచరణలో నిలిచింది రోడ్డు వెడల్పే. రోడ్డు విస్తరణ జరిగిన ప్రతి ఊరిలో మొదట పోయేవి అరుగు, వేపచెట్టు, చలివేంద్రం, రచ్చబండ. ఇవన్నీ ఆక్రమణల జాబితాలో చేరతాయి. ఈ వ్యాసంలో పరిశీలించిన ఆధారాల ప్రకారం అవి బాటపై ఆక్రమణలు కావు, బాటలోని అంగాలు.

9. ముగింపు

పగిడ్యాల - అహోబిలం సీమలోని బాటల చరిత్ర నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, ఇక్కడి పూర్వపు నిర్మాణాలైన సోపానం, సాలుమండపం, తోపు, తెలుపు మనిషి అడుగును, అలసటను కొలతగా తీసుకున్నాయి. రెండవది, కాలువ నుండి జాతీయ రహదారి వరకు వచ్చిన మార్పులు దూరాన్ని తగ్గించాయి కాని ఆగే చోటును లెక్కలో నుండి తొలగించాయి. జలాశయం విషయంలో దారినే తొలగించాయి. మూడవది, పారువేట, ఉగాది యాత్ర సాక్షిగా ఈ ప్రాంతపు సమాజానికి బాటసారి పట్ల బాధ్యత ఇంకా గుర్తుంది. అది ఉత్సవ దినాలకు పరిమితమై ఉంది.

పూర్వపు వ్యవస్థలో లేనిది సమానత్వం. భారత రాజ్యాంగం 15వ అధికరణం రెండవ క్లాజు బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కూడే స్థలాలను ఒకే వాక్యంలో పేర్కొని, వాటి వినియోగంలో కులమత భేదాలను నిషేధించింది. నీరు, దారి, కూడే చోటు ఒకదానికొకటి సంబంధించినవన్న పాత ఎరుక, వాటిపై హక్కు అందరిదన్న కొత్త విలువ ఆ వాక్యంలో కలిశాయి. మనుషుల కోసం వీధులు అన్న నేటి ఆలోచనకు తెలుగునాట పునాది కావలసినది ఈ కలయికే. కైఫీయతులు, శాసనాలు, యాత్రాచరిత్రలలోని బాటల సమాచారాన్ని గ్రామాల వారీగా సేకరించడం, తెలుపుల వంటి అరుగులను నమోదు చేయడం, బాటకు సంబంధించిన మాండలిక పదాలను కోశంగా కూర్చడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పనులు. సోమశిల - సిద్ధేశ్వరం వంతెన పూర్తయి, విస్తరించే రోడ్లు ఊళ్లను తాకే లోపున ఆ పని జరిగితే, ఏది ఆక్రమణో ఏది బాటలో భాగమో నిర్ణయించేవారి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.